సొరుగులో ప్రసాదం

నాకు కోపం ఎక్కువ. మా ఇంట్లో ఎవర్నడిగినా చెప్తారు, నేనూ కాదనను. కానీ ఇరవై రెండేళ్ళప్పుడు విజయవాడ గవర్నర్‌పేటలో మొదటి ఉద్యోగానికి బయల్దేరిన రోజున ఆ కోపాన్ని కంకిపాడులోనే వదిలేసి బస్సెక్కాను. మా అమ్మ అలా చెప్పి పంపింది. "అక్కడ నోరు మూసుకుని పని చేసుకో. ఆరు నెలలు గడిస్తే పర్మనెంటు చేస్తారంట. ఆ తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు అరుచుకో" అంది.

రెండు వేల రెండో సంవత్సరం, జూన్ నెల. బట్టల హోల్‌సేల్ షాపు మీద రెండో అంతస్తులో మా ఆఫీసు. అమెరికాలో డాక్టర్లు రోగుల్ని చూశాక వాళ్ళ వివరాలన్నీ మైకులో చెప్పి రికార్డు చేస్తారు. ఆ మాటలు ఇంటర్నెట్‌లో మాకొచ్చేవి. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కాలి కింద పెడల్ తొక్కుతూ ఆపుకుంటూ, విన్నది విన్నట్టు టైపు చెయ్యాలి. పన్నెండు మందిమి టైపు చేసేవాళ్ళం. మా తప్పులు దిద్ది పైకి పంపే ఎడిటరు ఒకావిడ ఉండేది. నలభై దాటిన మనిషి. అందరం ఆవిణ్ణి అక్కా అనేవాళ్ళం.

అక్క లేకపోతే నేను ఆ ఉద్యోగంలో వారం కూడా ఉండేదాన్ని కాదు. ఆ డాక్టర్లు నోట్లో బఠాణీలు పోసుకుని మాట్లాడినట్టు మాట్లాడేవాళ్ళు. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. బాత్రూంలోకెళ్ళి ఏడ్చొచ్చేదాన్ని. అక్క నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుని, ఒక హెడ్‌ఫోను తన చెవికి పెట్టుకుని, "మాట వినకమ్మాయ్, ముందు రోగమేంటో విను. రోగం తెలిస్తే మందు పేరు అదే తెలుస్తుంది" అనేది. రెండు నెలలు అలా నేర్పింది. నా పని దిద్దడానికి తన బస్సులు తప్పిపోయినా విసుక్కోలేదు.

పద్ధతుల మనిషి. తన సొంత గ్లాసులో నీళ్ళు తాగినా పైకెత్తి గొంతులోకి పోసుకునేది, చీర మీద చుక్క పడేది కాదు. గ్లాసుకి పెదవి తగిలితే ఎంగిలి అని వాళ్ళింటి ఆచారం. శనివారం లంచ్ బాక్సు తెరిచేది కాదు. శుక్రవారం మాత్రం అందరికంటే ముందొచ్చేది. కంప్యూటర్లకి బొట్లు పెట్టి, గోడ మీద పటానికి దండేసి, కొబ్బరికాయ కొట్టి హారతిచ్చి, ఇంటి దగ్గర చేసి తెచ్చిన ప్రసాదం పళ్ళెంలో పెట్టుకుని ఒక్కో సీటు దగ్గరికీ వచ్చి చేతిలో పెట్టేది. ఒక వారం పులిహోర, ఒక వారం కేసరి, ఒక వారం రవ్వలడ్డు.

మేం తినం. విగ్రహానికి పెట్టింది తినకూడదని మా నాన్న పట్టు. మా చర్చిలోనే తినేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, మేం మాత్రం తినం. చిన్నప్పుడు నాన్న చెప్పాడని మానేశాను, పెద్దయ్యాక నాకే మనసొప్పలేదు. దీని మీద ఎవరితోనూ వాదించను.

మరి ఊళ్ళో ఇస్తే ఏం చేస్తాం? దానికి మా అమ్మ దగ్గర ఒక ఉపాయం ఉంది. వద్దనకూడదు, తినకూడదు. రెండు చేతులూ చాచి తీసుకోవాలి, కొంగున కట్టుకోవాలి, ఇంటికొచ్చి కోళ్ళకి వెయ్యాలి. వినాయక చవితి వచ్చిందంటే మా కోళ్ళు తిన్నన్ని ఉండ్రాళ్ళు ఊళ్ళో మనుషులు తిని ఉండరు. ఇచ్చినవాళ్ళకి సంతోషం, మాకు మనశ్శాంతి, కోళ్ళకి పండగ. మా పేటలో చాలా ఇళ్ళల్లో ఇదే పద్ధతి. నేనూ అదే పద్ధతితో ఆఫీసులో చేరాను.

గవర్నర్‌పేటలో కోళ్ళెక్కడివి? తీసుకున్నది సొరుగులో పెట్టేదాన్ని, సాయంత్రం టిఫిన్ బాక్సులో సర్దుకుని కంకిపాడు తీసుకెళ్ళేదాన్ని. నేను క్రిస్టియన్నని అక్కకి తెలుసు. మొదటి శుక్రవారమే "మీరు తింటారా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే "అయినా స్వీటేగా, స్వీటుకి మతమేంటి" అని చేతిలో పెట్టేసింది. మా ఆఫీసులో కంప్యూటర్లు బాగుచేసే సాయిబుగారొకాయన ఉండేవాడు, అందరం భాయ్ అనేవాళ్ళం. పళ్ళెం ఆయన దగ్గరికి పోయేదే కాదు. "భాయ్ తినరులే" అని అక్కే దాటిపోయేది. ఆయనకి గడ్డం ఉంది. నాకు బొట్టు లేకపోవడం తప్ప ఇంకే గుర్తూ లేదు. నాలాంటివాళ్ళ మతం ఎవరికీ కనపడదు, కనపడనిది ఎవరికీ గుర్తుండదు.

సెప్టెంబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం నాకు జ్వరమొచ్చింది. రవ్వలడ్డు సొరుగులోనే మర్చిపోయి ఇంటికెళ్ళిపోయాను. అంతకు ముందు వారం ఇచ్చిన లడ్డు కూడా దాని వెనకాలే ఉందన్న సంగతి నాకు గుర్తే లేదు. బుధవారం వచ్చేసరికి నా బల్ల చుట్టూ జనం మూగి ఉన్నారు. సొరుగులోంచి కీబోర్డులోకి ఎర్రచీమలు బారులు తీరాయి. అక్క చేతిలో పాత కాగితం, కాగితంలో రెండు లడ్లు. ఒకటి బూజు పట్టింది.

"నాలుగింటికి లేచి, తలస్నానం చేసి, మడి కట్టుకుని చేస్తానమ్మాయ్" అంది అక్క. "తినకపోతే మానె. చీమలకి పడేస్తావా? వద్దని ఒక్క మాట చెప్తే నేనేమన్నా నిన్ను కొరుక్కుతింటానా?"

"సారీ అక్కా" అన్నాను. తల కొట్టేసినట్టయింది. అక్క వెనక్కి తిరిగి, ఆఫీసు నడిపే మా సార్‌తో, నాకు వినపడేట్టే, "ఈ పిల్లకి ఇంత పొగరుందనుకోలేదండీ" అంది. తర్వాత రెండు వారాలు అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు. నన్ను పర్మనెంటు చెయ్యాలో వద్దో చెప్పాల్సింది ఆవిడే, ఆ భయం ఉండనే ఉంది. దానికంటే ఎక్కువగా, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్న మనిషి ఇప్పుడు తప్పులు ఎర్ర పెన్నుతో గీసి కాగితం బల్ల మీద పడేసి పోతుంటే తట్టుకోలేకపోయేదాన్ని. అక్క నాకు మళ్ళీ కావాలి. అబద్ధం మాత్రం ఇక ఆడకూడదు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో తెలిసేది కాదు.

ఆ రోజుల్లోనే ఒక ఫైలు టైపు చేశాను. ఆడమనిషికి ఆపరేషన్. డాక్టరు నిద్రమొహంతో చదువుతున్నాడు. రోగి మతవిశ్వాసం ప్రకారం రక్తం ఎక్కించుకోరు, ప్రమాదాలన్నీ వివరించాం, ఆమె నిర్ణయాన్ని గౌరవిస్తూ వేరే ఏర్పాట్లు చేశాం. అంతే. పక్క వాక్యంలో బీపీ ఎంతో చెప్పాడు. పెడల్ వెనక్కి తొక్కి మూడుసార్లు విన్నాను. ఆ గొంతులో కోపం లేదు, నొచ్చుకోవడం లేదు. ప్రాణం మీదికొచ్చినా ఒకావిడ వద్దంటే అక్కడ ఒక్క వాక్యంలో రాసుకుని ముందుకెళ్ళిపోతున్నారు, ఇక్కడ నేను ఒక లడ్డు దగ్గర దొంగనైపోయాను. ఆహా, దేశమంటే అది కదా అనుకున్నాను.

అక్టోబరులో ఆ దేశం నుంచే ఒకావిడ మూడు రోజులు మాకు పాఠాలు చెప్పడానికొచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, నవ్వుమొహం. మూడో రోజు శుక్రవారం. అక్క ఆవిడ కోసం జీడిపప్పు దట్టించి కేసరి చేసింది. పళ్ళెం ముందు పెట్టగానే ఆవిడ ఇదేంటని అడిగింది. దేవుడికి నైవేద్యం పెట్టి అందరికీ పంచుతామని మా సార్ ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ రెండు చేతులూ జోడించి, "వాసన అద్భుతంగా ఉంది. కానీ నా నమ్మకం వేరు, నేను తీసుకోలేను. నన్ను అడిగినందుకు చాలా థాంక్స్" అంది.

అక్క మొహం మాడిపోతుందనుకున్నాను. నవ్వింది! అందరూ నవ్వారు. "ఎంత ఓపెన్‌గా చెప్పిందో చూశారా! మనవాళ్ళకి ఈ ధైర్యమేదీ?" అన్నాడు సార్. "అదేనండీ, మొహాన చెప్పేస్తే ఏ గొడవా ఉండదు" అంది అక్క.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోరు జారిందని అనను, తెలిసే అన్నాను. "అక్కా, ఆవిడ వద్దంటే ఓపెను, నేను వద్దంటే పొగరా? మొదటి రోజు నన్ను నోరు తెరవనిచ్చారా మీరు?"

హాల్లో పెడళ్ళు ఆగిపోయాయి. అక్క పళ్ళెం బల్ల మీద పెట్టింది. నా వైపు చూసి మెల్లగా, "ఆవిడ రేపు పోయే మనిషి. నువ్వు మనదానివి అనుకున్నానే" అంది.

"మనదాన్నయితే వద్దనే హక్కుండదా?"

అక్క పళ్ళెం తీసుకుని లోపలికెళ్ళింది. ఆ రోజు మిగిలినవాళ్ళకి ప్రసాదం అందలేదు. అన్నది తప్పని నాకిప్పటికీ అనిపించదు, నలుగురిలో అనడం తప్పేమో.

భోజనాల దగ్గర ఆ అమెరికా ఆవిడ నా పక్కకొచ్చి, తన వల్ల ఏదో జరిగినట్టుందే, ఏంటని అడిగింది. నాకొచ్చిన ఇంగ్లీషులో లడ్ల కథంతా చెప్పాను. రక్తం వద్దన్న రోగి ఫైలు సంగతి కూడా చెప్పి, మీ దేశంలో ఎంత బాగుందండీ, ఎవరి నమ్మకం వాళ్ళది, ఎవరూ నొచ్చుకోరు అన్నాను. ఆవిడ ఫోర్కు కింద పెట్టేసి పకపకా నవ్వింది.

నవ్వు ఆగాక తన చెల్లెలి గురించి చెప్పింది. చెల్లెలు చర్చి మానేసింది, పెళ్ళి చేసుకోకుండా ఒకతనితో ఉంటోంది. వాళ్ళ పెద్ద పండగ రోజున ఇంటిల్లిపాదీ భోజనం ముందు చేతులు పట్టుకుని ప్రార్థన చేస్తారట. ఒక ఏడాది అతను చేతులు కట్టుకుని కూర్చున్నాడు. తనకి నమ్మకం లేనప్పుడు తలొంచడం అబద్ధమవుతుందన్నాడు. నా ఇంట్లో నా దేవుణ్ణి అవమానిస్తావా అని వీళ్ళమ్మ లేచి వెళ్ళిపోయింది. వండిన కోడి వండినట్టే చల్లారిపోయింది. మూడేళ్ళయింది, చెల్లెలు ఆ గడప తొక్కలేదు. "ఆస్పత్రి కాగితం మీద గౌరవిస్తున్నామని రాసుకోవడం తేలిక. ఆ రోగి మా చెల్లెలు కాదుగా" అంది. కళ్ళు తుడుచుకుంది.

నేను అన్నం కలుపుతూ ఉండిపోయాను. అక్కడేదో స్వర్గముందనుకుంటే అక్కడా మా ఇళ్ళలాంటి ఇళ్ళే. ఎవరూ కానివాళ్ళు వద్దంటే మర్యాద, మనవాళ్ళు వద్దంటే అవమానం. అక్క నన్ను మనదానివి అన్నది నిజమే అయితే ఆ బాధా నిజమేనన్నమాట. అది అర్థమై నాకు ఇంకా బెంగ పట్టుకుంది.

తర్వాతి శుక్రవారం పళ్ళెం నా సీటు దగ్గర ఆగలేదు. అక్క నా ముందు బల్ల దాకా వచ్చి, నన్ను దాటి, వెనక బల్లకెళ్ళింది. నేను కోరుకున్నదే జరిగింది కదా? మరి ఏడుపెందుకొచ్చిందో! భాయ్ స్క్రూడ్రైవరు ఊపుతూ, "రా అమ్మా, మన బ్యాచ్‌లోకొచ్చావు. ఏడేళ్ళుగా నేనొక్కణ్ణే ఉన్నా, తోడొచ్చావు" అని నవ్వించబోయాడు. నేను నవ్వలేదు. ఆయనకీ ఏడేళ్ళుగా ఇలాగే ఉండేదా అని అప్పుడు తట్టింది నాకు.

డిసెంబరు మొదట్లో నన్ను పర్మనెంటు చేశారు. అక్క నా గురించి మంచిగానే రాసిందని సార్ చెప్పాడు. పనిలో అక్క ఎవరికీ అన్యాయం చెయ్యదు. థాంక్స్ అక్కా అంటే, "నీ పని బాగుంది, అందుకే రాశాను" అని ఫైల్లో తలదూర్చేసింది. సరే, నువ్వు పంతం పడితే నేనూ పడతాను అనుకున్నాను. క్రిస్మస్ వెళ్ళిన శనివారం ఆఫీసుకి సెలవిచ్చారు. ఆ రోజు భోజనానికి మా ఇంటికి రమ్మని అక్కనీ, భాయ్‌నీ, ఇంకో ఇద్దరమ్మాయిల్నీ పిలిచాను. అక్క రాదని ఆఫీసులో పందెం కూడా వేశారు.

అక్క వస్తుందని నేను మాత్రం అమ్మతో గట్టిగా చెప్పాను. పాపం అమ్మ! అక్క కోసం కొత్త గిన్నెలు కొంది. వాకిట్లో కొత్త స్టవ్వు పెట్టి, నీచు తగలకుండా ముద్దపప్పు, గుత్తివంకాయ, పూర్ణం బూరెలు వేరేగా చేసింది. భాయ్ కోసం నాన్న సెంటర్లో సాయిబుల కొట్లో కోడి కోయించి తెచ్చాడు. "వాళ్ళు వాళ్ళ దేవుడి పేరు చెప్పి కోస్తారుగా నాన్నా, మరి మనం తినొచ్చా?" అనడిగితే, "కోడి వేరు, కొబ్బరికాయ వేరు, నోరు ముయ్యి" అన్నాడు. మా నాన్న మతం అంత చక్కగా ఉండేది.

పదకొండింటికి అక్క బస్సు దిగింది, చేతిలో యాపిల్ పళ్ళ కవరుతో. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అందరికీ విస్తళ్ళు వేశాం. అమ్మ బూరెల గిన్నె పట్టుకుని అక్క దగ్గరికొచ్చేసరికి అక్క చేతులడ్డం పెట్టింది. "ఏమనుకోకండి, శనివారం నాకు ఒక్కపొద్దు అండీ. రాత్రి దాకా ఏమీ ముట్టను."

శనివారం అక్క బాక్సు తెరవదని నాకు తెలుసు. ఆర్నెల్లుగా చూస్తున్నాను. తెలిసీ శనివారం పిలిచాను. నా మతం గుర్తుపెట్టుకోలేదని అక్క మీద అంత మండిపడ్డదాన్ని, అక్క ఉపవాసం నాకు గుర్తే లేదు.

అమ్మ మొహం చూశాను. అమ్మ చిన్నప్పుడు నాట్లకెళ్తే గట్టు మీద దోసిలి పట్టించి, చెంబు తగలకుండా పైనుంచి నీళ్ళు పోసేవాళ్ళు. తగిలితే చెంబు మైలపడుతుందని తిట్టేవాళ్ళు. ఊళ్ళో పెద్దిళ్ళవాళ్ళు పనుండి మా గడపలోకొచ్చినా మంచినీళ్ళు తాగకుండా వెళ్ళడం నేనే చూశాను. అమ్మ గిన్నె దించుకుని, "ఏ వారమైనా మా ఇంట్లో తినరులెండి. మాకేం కొత్తా" అంది.

భాయ్ చెయ్యి విస్తట్లో ఆగిపోయింది. "అమ్మా, నిజంగానే ఒక్కపొద్దు. తప్పు నాది, నేనే శనివారం పిలిచాను" అన్నాను. "నువ్వూరుకోవే" అంది అమ్మ. నాకేసి కాదు, అక్కకేసే చూస్తోంది. ఇద్దరూ చెరో నిజం పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో నేను. ఏం చెప్తే ఎవరు నొచ్చుకుంటారో తెలియలేదు.

అప్పుడు అక్క, "మొన్న మీ అమ్మాయి నా ప్రసాదం తినలేదని నేనూ ఇలాగే అన్నానండీ. మీకు చెప్పలేదా?" అంది. అమ్మ నాకేసి చూసింది. ఆ సంగతి నేను ఇంట్లో చెప్పలేదు మరి. "తినలేనండీ, తింటే నా నియమం పోతుంది. మంచినీళ్ళు తాగొచ్చు. ఇస్తారా?"

అమ్మ లోపలికెళ్ళి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. అక్కకని కొన్న కొత్త గ్లాసు కాదు, రోజూ మేం తాగే గ్లాసు. కావాలనే తెచ్చిందో, చేతికందింది తెచ్చిందో నాకు తెలియదు, ఎప్పుడూ అడగలేదు. అక్క గ్లాసందుకుంది. ఆవిడ పైకెత్తుతుందేమోనని భయపడ్డాను. పైకెత్తితే అది వాళ్ళింటి ఆచారమని నాకు తెలుసు. కానీ అమ్మకి చెంబూ దోసిలే గుర్తొస్తాయి.

అక్క పైకెత్తలేదు. గ్లాసు అంచు పెదవులకి ఆనించి, గుటక గుటకగా మొత్తం తాగింది. అలా తాగడం అలవాటు లేక రెండుసార్లు పొలమారింది. అమ్మ గబుక్కున వెళ్ళి అక్క నెత్తి మీద తట్టింది.

నాకు సంతోషం, సిగ్గు ఒకేసారి ముంచుకొచ్చాయి. నేను నా పట్టు వదల్లేదు. అక్క మాత్రం నలభై ఏళ్ళ అలవాటు ఒక్క గ్లాసు నీళ్ళకి వదిలేసింది, ఎవరూ అడక్కుండా. వెళ్ళేటప్పుడు అమ్మ బూరెలు బాక్సులో పెట్టి, రాత్రి తినండమ్మా అని చేతికిచ్చింది. నేను బస్సెక్కించడానికెళ్తే, బస్సు కదలబోతుండగా అక్క కిటికీలోంచి నా నెత్తిన ఒక్కటి మొట్టి, "ఈసారి శనివారం కాకుండా చూసి పిలవ్వే, మొద్దుమొహమా" అంది.

తర్వాతి శుక్రవారం రవ్వలడ్డు. అక్క పళ్ళెంతో వరసగా వస్తోంది. నా సీటు దగ్గర ఆగింది. చేతిలో పెట్టలేదు, దాటిపోలేదు.

"తీసుకుంటావా?" అంది.

"వద్దక్కా."

"సరే" అంది. అక్కణ్ణించి భాయ్ దగ్గరికెళ్ళి, ఏడేళ్ళలో మొదటిసారి, "మీరు తీసుకుంటారా?" అనడిగింది. ఆయన కంగారుగా లేచి నిలబడి, గుండె మీద చెయ్యేసుకుని, "వద్దండీ, అడిగారు చాలు" అన్నాడు.

ఆ ఆఫీసులో ఇంకో అయిదేళ్ళు చేశాను. ప్రతి శుక్రవారం అక్క నా మొహంలోకి చూసి అడిగేది. ప్రతి శుక్రవారం నేను అక్క మొహంలోకి చూసి వద్దనేదాన్ని.